లీటరుకు 11 రూపాయలు, ఇంటికి నాలుగు వేలు: ఒక బోడుప్పల్ కుటుంబం కేసు

2022 ఏప్రిల్ రెండో వారం. హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 119 రూపాయల 49 పైసలు. అంతకు ముందు నాలుగున్నర నెలలు రేటు కదలలేదు. అయిదు రాష్ట్రాల ఎన్నికలు ముగిశాక మార్చి 22న కదిలింది, ఇక ఆగలేదు. ఏప్రిల్ 6 దాకా పదహారు రోజుల్లో పద్నాలుగు సార్లు పెంచారు. ఢిల్లీలో మొత్తం పెరిగింది పది రూపాయలైతే మన దగ్గర 11 రూపాయల 29 పైసలు. తెలంగాణలో పెట్రోలు మీద రాష్ట్రం వేసే పన్ను, వ్యాట్, 35.2 శాతం మరి. అసలు ధర పెరిగినకొద్దీ దాని మీద పడే పన్నూ పెరుగుతుంది.

జీతాల మీద నడిచే ఇళ్ల జమా ఖర్చులు చూసి సలహా చెప్పడం నా వృత్తి. ఆ నెలలో వచ్చిన వాళ్లలో సగం మంది మొదటి మాట పెట్రోలే. అందులో బోడుప్పల్ నుంచి వచ్చిన ఒక కుటుంబం కేసు వివరంగా రాస్తున్నాను. వాళ్ల అనుమతి తీసుకున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను, కొన్ని అంకెలు సర్దాను.

భర్తకు 38 ఏళ్లు, గచ్చిబౌలిలో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం, చేతికొచ్చేది 38,000. భార్య హబ్సిగూడ వైపు ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు, 17,000. టెన్త్‌కి వచ్చిన అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి, భర్త తల్లి. సొంత ఫ్లాటు, దాని ఈఎంఐ 18,600. ఒక 125 సీసీ బైకు, ఒక స్కూటీ.

"పెట్రోలు మా కొంప ముంచింది సార్. నెలకు నాలుగు వేలు, నాలుగున్నర వేలు తక్కువ పడుతున్నాయి" అన్నారు ఆమె. ఆయన తల ఊపి, "రోజూ పొద్దున్నే ఆరింటికి కొత్త రేటు సార్, ఎక్కడికని తట్టుకుంటాం" అన్నారు.

లీటరు మీద 11 రూపాయలు పెరిగినందుకు నెలకు నాలుగు వేలు పోవాలంటే ఆ ఇంట్లో 350 లీటర్లు ఖర్చు కావాలి. ఒక బైకు, ఒక స్కూటీ అంత తాగవు. అలాగని వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. డబ్బు నిజంగానే తక్కువ పడుతోంది, బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపిస్తూనే ఉంది. ఆ డబ్బు ఎటు పోతోందో చూడటమే నా పని.

రెండొందలు కొట్టించడం

పెట్రోలుకు నెలకు ఎంతవుతుందని అడిగితే ఆయన రెండు వేలన్నారు, ఆమె అయిదు వేలన్నారు. ఒకే ఇంట్లో ఇద్దరి లెక్క ఇంత తేడాగా ఉండటం నాకు కొత్త కాదు. మనవాళ్లలో చాలామంది పెట్రోలును లీటర్లలో కొనరు, నోట్లలో కొంటారు. "రెండొందలు కొట్టు బాసూ" అంటారు. మీటరు మీద జీరో చూసుకుంటారు, 200 రాగానే ఫోనుతో స్కాన్ చేసి వెళ్లిపోతారు. చేతి నుంచి పోయేది ఎప్పుడూ ఆ రెండొందలే కాబట్టి ధర పెరిగినట్టు ఒంటికి తగలదు.

కానీ టాంకులో పడేది మారుతుంది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో హైదరాబాద్ రేటు 73 రూపాయల 97 పైసలు. అప్పుడు రెండొందలకు 2.7 లీటర్లు వచ్చేది. 119.49 దగ్గర 1.67 లీటర్లు. ఈయన బైకు మీద మొదటిది 130 కిలోమీటర్లు, రెండోది 80. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగే మనిషి రెండు రోజులకోసారి బంకుకు వెళ్లే చోట దాదాపు రోజూ వెళ్లాల్సి వస్తుంది. "ఈ మధ్య రిజర్వు తొందరగా పడుతోంది, బండిలో ఏదో ప్రాబ్లమ్" అని ఆయన అనుకుంటున్నారు. బండిలో లోపమేమీ లేదు.

అందుకే మొదట ఖర్చు రాయమనను, రీడింగ్ రాయమంటాను. టాంకు ఫుల్ చేయించి, కిలోమీటర్ల రీడింగ్ ఫోనులో రాసుకోవాలి. మళ్లీ ఫుల్ చేయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో, రీడింగ్ ఎంతో చూసుకోవాలి. దీనికి యాప్ ఏమీ అక్కర్లేదు. రెండు వారాల్లో ఆయన బైకు లీటరుకు 48 ఇస్తోందని తేలింది. ఆయన మాత్రం 60 అని గట్టి నమ్మకంతో ఉన్నారు. "మావారు చెప్పే మైలేజ్ బండి కొన్న రోజుది సార్" అని ఆమె నవ్వారు. ఆయన దారి బోడుప్పల్, ఉప్పల్ రింగు రోడ్డు, తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట, అక్కణ్ణుంచి మాదాపూర్ మీదుగా గచ్చిబౌలి. ఉప్పల్, నారపల్లి మధ్య 2018 నుంచి కడుతున్న ఎలివేటెడ్ కారిడార్ పిల్లర్ల పక్కన అప్పట్లో సగం రోడ్డు గుంతలే. ఫస్టు గేరు, సెకండు గేరుల్లో ఎంతసేపు నడుస్తుందో ఆ దారిన వెళ్లేవాళ్లకు చెప్పక్కర్లేదు. చుట్టూ తిరిగి ఔటర్ రింగు రోడ్డు ఎక్కుదామంటే దాని మీదకు టూ వీలర్లను రానివ్వరు.

నాలుగు వేలను విడదీస్తే

ఆయనకు నెలకు 24 పని దినాలు. రానూపోనూ 60 కిలోమీటర్ల చొప్పున 1,440 కిలోమీటర్లు, అంటే 30 లీటర్లు. ఆమె స్కూటీ స్కూలుకు, అమ్మాయి ట్యూషన్‌కు, సరుకులకు కలిపి 500 కిలోమీటర్లు, లీటరుకు 40 చొప్పున 12.5 లీటర్లు. ఇంటి మొత్తం 42.5 లీటర్లు. లీటరుకు 11.29 చొప్పున పెరిగిన రేటు ఈ ఇంటి మీద వేసిన అదనపు భారం నెలకు 480 రూపాయలు.

ఈ అంకె చెప్పగానే ఆయన ముఖం మాడ్చుకున్నారు. తన కష్టాన్ని తక్కువ చేసి చెబుతున్నానని అనిపించి ఉంటుంది. అప్పుడు ఫిబ్రవరి నెల స్టేట్‌మెంట్ తీశాం.

ఫిబ్రవరిలో ఆయన ఇంటి నుంచే పని చేశారు. రెండేళ్లుగా అంతే. బైకు నెలకు నాలుగు లీటర్లు దాటలేదు, 433 రూపాయలు. ఏప్రిల్ ఒకటిన కంపెనీ అందరినీ ఆఫీసుకు రమ్మంది. బైకు ఖర్చు 433 నుంచి 3,585కి వెళ్లింది. ఈ 3,152 పెరుగుదలలో రేటు వాటా 339. మిగతా 2,813 దూరం వాటా. పాత రేటు ఉన్నా ఆ 2,813 ఎలాగూ పోయేదే. ఆఫీసుకు వెళ్లడం మొదలయ్యాక టిఫిన్, టీలు, వారంలో రెండు రోజులు బయటి భోజనం కలిపి ఇంకో 700. వంట నూనె, కూరగాయలు కలిపి 400 దాకా పెరిగాయి. ఫిబ్రవరిలో మొదలైన ఉక్రెయిన్ యుద్ధంతో మన సన్‌ఫ్లవర్ నూనె దిగుమతి దెబ్బతింది, మనకు ఆ నూనె ఎక్కువగా వచ్చేది ఉక్రెయిన్, రష్యాల నుంచే. గ్యాస్ సిలిండర్ మార్చి 22నే 50 పెరిగి ఇక్కడ వెయ్యి దాటింది. వీళ్లకు సిలిండర్ నలభై రోజులు వస్తుంది కాబట్టి నెలకు 40 లోపే. ఆమె స్కూటీ మీద రేటు భారం 141. అన్నీ కూడితే 4,400 చిల్లర. వాళ్లు చెప్పిన అంకె అదే.

అంటే పెట్రోలు తప్పేమీ లేదని కాదు. ఆయన చివరిసారి రోజూ ఆఫీసుకు వెళ్లింది 2020 మార్చిలో. అప్పటి రేటుకు ఇవే 30 లీటర్లు 2,219. ఇప్పుడు 3,585. రెండేళ్లలో అదే దారికి 1,366 ఎక్కువ, జీతం పెరిగింది 2,000. మధ్యలో జరిగింది తెలుసుకోవాలి. 2020లో అంతర్జాతీయ మార్కెట్‌లో ముడి చమురు పడిపోయినప్పుడు కేంద్రం మార్చిలో 3, మేలో 10 రూపాయల చొప్పున పెట్రోలు మీద సుంకం పెంచింది. ధర పడిపోయిన లాభం మనదాకా రాలేదు. తర్వాత చమురు పెరిగినప్పుడు ఆ పెరుగుదల మాత్రం నేరుగా బంకుకు వచ్చింది. 2021 జూన్ మధ్యలో హైదరాబాద్‌లో వంద దాటింది, ఆ నవంబరు మొదట్లో 114 దాటాక కేంద్రం 5 రూపాయలు తగ్గించింది, అలా 108.20కి దిగింది. అప్పుడు చాలా రాష్ట్రాలు తమ వ్యాట్ కూడా తగ్గించాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ తగ్గించలేదు. ఆంధ్రలో 31 శాతం వ్యాట్ మీద లీటరుకు ఇంకో నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఒక రూపాయి. పన్ను తక్కువగా ఉండే పుదుచ్చేరి కింది యానాం వెళ్లి టాంకు నింపుకునే కాకినాడ వాళ్లకు ఈ పాఠం నేను చెప్పక్కర్లేదు.

రేటు మన చేతిలో లేదు. ఈ ఇంటి లెక్కలో చేతిలో ఉన్నవేమిటో చూద్దామన్నాను.

మెట్రో, బస్సు, ఇల్లు

ఎవరైనా మొదట చెప్పే సలహా మెట్రో. లెక్క వేశాం. బోడుప్పల్ నుంచి ఉప్పల్ స్టేషన్ దాకా బైకు, ఉప్పల్ నుంచి రాయదుర్గం మెట్రో, అక్కణ్ణుంచి ఆఫీసుకు షేర్ ఆటో. అప్పట్లో మెట్రో గరిష్ఠ టికెట్టు 60. స్మార్ట్ కార్డు రాయితీ పోను ఈయనకు రానూపోనూ వంద రూపాయల దాకా. షేర్ ఆటో 40. స్టేషన్ దాకా పెట్రోలు 25. రోజుకు 165, నెలకు 3,960. బైకు మీద పూర్తిగా వెళ్తే పెట్రోలు 3,585.

మెట్రో ఖరీదా అని ఆశ్చర్యపోయారు. టైర్లు, చైన్ స్ప్రాకెట్, ఆయిల్, సర్వీసు ఏడాదికి లెక్కేసి నెలలకు పంచితే బైకుకు ఇంకో 700 పడుతుంది, దాన్ని ఎవరూ కలపరు. అది కలిపితే బైకు 4,285. మెట్రోతో మిగిలేది మూడొందల చిల్లర. ఒక్క మనిషి, నలభై ఎనిమిది మైలేజ్ ఇచ్చే బండి ఉంటే మెట్రోకు మారి డబ్బు మిగలదు. కారులో ఒక్కరే వెళ్లేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు నేను రెండో ఆలోచన లేకుండా మెట్రో చెబుతాను. ఈయనకు చెప్పిందేమిటంటే, ఖర్చు దాదాపు సమానం కాబట్టి డబ్బు కోసం మారొద్దు, మెడ నొప్పి కోసం మారాలనుకుంటే మారండి. వానాకాలంలో మెట్రో, మిగతా రోజుల్లో బైకు అని ఆయనే తేల్చుకున్నారు.

బస్సు పాసు చవక. ఆ ఏప్రిల్‌లోనే మెట్రో ఎక్స్‌ప్రెస్ అనే సిటీ బస్సుల పాసు 1,070 నుంచి 1,300 చేశారు, అయినా పెట్రోలులో మూడో వంతు. ఒక వారం వెళ్లి చూశారు. ఒక వైపే రెండు గంటలు దాటింది. రాత్రి తొమ్మిదికి ఇంటికి చేరే నాన్న అమ్మాయికి లెక్కలు చెప్పలేడు, ట్యూషన్ ఇంకో సబ్జెక్టు పెరుగుతుంది. పాసు పక్కన పెట్టారు. పీర్జాదిగూడ నుంచి వచ్చే సహోద్యోగితో బండి పంచుకోవడం కూడా ప్రయత్నించారు, షిఫ్టు టైములు కుదరక ఆగిపోయింది.

ఆఫీసు దగ్గరికి మారిపోదామా అన్నది ఆయన ఆలోచన. ఇలాంటి కేసుల్లో ఇది తప్పకుండా వస్తుంది, ఆవేశంగా వస్తుంది. బోడుప్పల్ ఫ్లాటు అద్దెకిస్తే పది వేలు. కొండాపూర్ వైపు అలాంటి ఇల్లు ఇరవై రెండు వేలు. నాలుగు వేల ప్రయాణ ఖర్చు తప్పించడానికి నెలకు పన్నెండు వేలు, పైగా ఆమె ఉద్యోగం అటువైపు నుంచి సాధ్యం కాదు. ఈ ఫ్లాటు 2018లో కొన్నప్పుడు గచ్చిబౌలి ధరతో పోల్చి ఎంత మిగిలిందో ఆయన ఇప్పటికీ చెబుతారు. ఆ మిగులులోంచి నెలకు ఇంత పెట్రోలుకు పోతుందని అప్పుడు ఎవరూ పక్కన రాయలేదు. శివార్లలో ఇల్లు చూడటానికి వెళ్లే వాళ్లందరికీ నేను ఒకటే చెబుతాను. ఈఎంఐ పక్కన ఇద్దరి ప్రయాణ ఖర్చూ కలిపి రాసి, ఆ మొత్తాన్ని ఈఎంఐ అనుకోండి. బిల్డరు ఇచ్చే కాగితంలో అది ఉండదు.

కార్డు, చీటీ

అసలు విషయం మాకు క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటులో దొరికింది.

2021 మేలో, సెకండ్ వేవ్‌లో, అత్తగారికి ఆసుపత్రి ఖర్చు కార్డు మీద పెట్టారు. తర్వాత అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులకు ఒక టాబ్. కొంత కట్టారు, కొంత మిగిలింది. ఏప్రిల్ నాటికి బాకీ 28,000. ప్రతి నెలా మినిమమ్ డ్యూ 1,500 కట్టి, కట్టేశాం అనుకుంటున్నారు. వడ్డీ నెలకు మూడున్నర శాతం, 980. దాని మీద 18 శాతం జీఎస్టీ 176. మొత్తం 1,156. కట్టే 1,500లో అసలుకు పోయేది 344. బంకులో మళ్లీ అదే కార్డు గీకడంతో బాకీ తగ్గకపోగా పెరుగుతోంది.

పదహారు రోజుల రేటు పెంపు ఈ ఇంటి నుంచి నెలకు 480 తీసుకుంది. కార్డు వడ్డీ అంతకు రెండింతలకు పైగా తీసుకుంటోంది, అదీ ఏడాదిగా. ఒకటి రోజూ టీవీలో స్క్రోలింగ్ వచ్చింది, రెండోది స్టేట్‌మెంట్ మూడో పేజీలో ఉంది.

మరి రెండేళ్లు ఆఫీసుకు వెళ్లకుండా మిగిలిన పెట్రోలు డబ్బు ఏమైంది? ఆమె వెంటనే చెప్పారు. చీటీ. 2021 జూన్‌లో లక్ష రూపాయల చీటీ వేశారు, ఇరవై నెలలు, నెలకు అయిదు వేలు. డివిడెండ్ పోను 4,600 దాకా కడుతున్నారు. అమ్మాయి ఇంటర్ ఫీజు కోసమని. మంచి ఆలోచనే. కానీ అది ఆయన ఇంట్లో కూర్చున్న రోజుల్లోని మిగులుతో వేసిన చీటీ. ఆయన మళ్లీ బండి ఎక్కేసరికి ఆ డబ్బుకు అప్పటికే ఒక పని ఉంది. పెట్రోలుకు చోటు లేక కార్డు మీదకు వెళ్లింది. ఇంకోలా చెప్పాలంటే, ఏడాదికి నలభై శాతం దాటిన వడ్డీకి అప్పు తెచ్చి చీటీ కడుతున్నారు.

చీటీ పాట పాడి డబ్బు ఇప్పుడే తీసేసుకోమన్నాను. ఆమె ఒప్పుకోలేదు. చివరి దాకా ఆగితే లక్షకు దగ్గరగా వస్తుంది, ఇప్పుడు పాడితే పద్నాలుగు వేలు పోతాయి, ఏడాది నోరు కట్టుకుని కట్టింది ఆమె. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయకూడదు. చాలా ఇళ్లలో చీటీ ఒక్కటే ఆడవాళ్ల చేతిలో ఉండే పొదుపు. అది కరిగిపోతే మళ్లీ మొదలుపెట్టే బలం ఉండదు. కాబట్టి పాట డబ్బును ఏం చేస్తామో ముందే కాగితం మీద పెట్టి చూపించాను.

మేలో పాడారు, పన్నెండో నెల. చేతికి 86,000. కార్డు బాకీ 28,000 అదే రోజు కట్టేశారు. మిగిలిన 58,000 ఆమె పేరున విడిగా ఒక ఖాతాలో వేశారు. మిగతా ఎనిమిది నెలల చీటీ వాయిదాలు జీతంలోంచి కాకుండా ఆ ఖాతాలోంచే, 36,800. అవి పోను 21,200 ఇంటర్ ఫీజు కింద కదలకుండా ఉంటుంది. జీతం మీద భారం చీటీ 4,600, కార్డు 1,500 కలిపి నెలకు 6,100 తగ్గింది. లోటు 4,400. మిగిలిన దాంట్లోంచి 1,500 రికరింగ్ డిపాజిట్, అది కూడా ఆమె పేరుతోనే.

కార్డు ముక్కలు చేయమని నేను చెప్పను, అదంతా నాటకం. పెట్రోలు మాత్రం కార్డు మీద కొట్టించొద్దన్నాను. నెల మొదట్లో 5,000 విడి ఖాతాలో వేసి, బంకులో దాన్నుంచే కట్టడం. ఇరవయ్యో తేదీకే అయిపోతే ఎందుకు అయిపోయిందో ఆ నెలలోనే తెలుస్తుంది.

శనివారం

మే 21 రాత్రి కేంద్రం పెట్రోలు మీద 8 రూపాయల సుంకం తగ్గించింది. హైదరాబాద్‌లో 109 రూపాయల 66 పైసలకు దిగింది. ఆయన ఫోన్ చేసి, "ఇక రీడింగ్ రాయక్కర్లేదుగా సార్" అన్నారు. రాయమన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను, మేనేజర్‌ను శనివారాలు ఇంటి నుంచి పనికి అడగమని. అకౌంట్స్‌లో శనివారం ఎక్కువగా సరిచూసుకునే పని, ఇంటి నుంచి అయ్యేదే.

అడగడానికి ఆయనకు నెలన్నర పట్టింది. ఉద్యోగం మీద శ్రద్ధ లేదనుకుంటారేమోనని. జూలైలో ఒప్పుకున్నారు. నాలుగు శనివారాలు అంటే 240 కిలోమీటర్లు, 5 లీటర్లు, 109.66 లెక్కన 548 రూపాయలు. పద్నాలుగు సార్ల రేటు పెంపు మొత్తం కలిపి తీసుకున్న 480 కంటే ఎక్కువ. టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, చైన్ చూపించాక మైలేజ్ 53కి వచ్చింది, ఇంకో రెండు లీటర్లకు పైగా తగ్గాయి. గాలి ఉచితం, పది రోజులకోసారి పట్టించుకోవాలంతే.

తగ్గని వాటి సంగతి కూడా రాయాలి. అబ్బాయి స్కూలు ఆటో జూన్‌లో 1,200 నుంచి 1,500 చేశారు. అప్పటికి పెట్రోలు తగ్గి మూడు వారాలైంది. ఆటో ఆయన గ్యాస్ రేటు, ఇన్సూరెన్స్, స్పేర్లు అన్నీ ఏకరువు పెట్టారు, కాదనలేం. ఆ 300 మళ్లీ వెనక్కి రాలేదు. హోటల్ ఇడ్లీ కూడా అంతే. అందుకని రేటు పెరిగిన నెలలో నేను కుటుంబాలకు బంకు లెక్క కంటే ఈ రెండో వరస లెక్క ఎక్కువ చూపిస్తాను. బంకులో రేటు దిగొచ్చినా ఇవి దిగిరావు.

స్కూటీ, కరెంటు

ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటే ఎలా ఉంటుందని ఆమె ఆ ఏప్రిల్‌లోనే అడిగారు. ఆమెది రోజుకు ఇరవై కిలోమీటర్లు, ఒకే దారి. సరిగ్గా సరిపోయే వాడకం. పెట్రోలు ఖర్చు అప్పుడు 1,494. కానీ బండి లక్ష పైన, ఈఎంఐ మూడున్నర వేలు. పాత స్కూటీ ఇంకా నాలుగేళ్లు నడుస్తుంది. 1,494 మిగుల్చుకోవడానికి 3,500 కట్టడమేమిటి? పైగా ఆ నెలలోనే నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అత్తగారు ససేమిరా అన్నారు.

దీనిలో చాలామంది చూడని లెక్క కరెంటు స్లాబు. ఆ ఇంటి వాడకం నెలకు 188 యూనిట్లు. 200 లోపు కాబట్టి మొదటి వంద 3.40, తర్వాతివి 4.80, మొత్తం 762 రూపాయలు, ఫిక్స్‌డ్ చార్జీలు కాకుండా. స్కూటర్ చార్జింగ్ ఇంకో 20 యూనిట్లు తీసుకుంటే 208 అవుతుంది. 200 దాటగానే మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది, పైన ఎనిమిది 7.70. మొత్తం 1,082. ఇరవై యూనిట్లకు 320, అంటే యూనిట్‌కు పదహారు రూపాయలు. అయినా పెట్రోలు కంటే చాలా తక్కువే. ప్రకటనల్లో కిలోమీటరుకు పదిహేను పైసలు, ఇరవై పైసలు అనే మాట మాత్రం ఈ ఇంటికి వర్తించదు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి, అంటే 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు, అందుతున్న ఇళ్లు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. 200 దాటిన నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే.

స్కూటీ ఖర్చు చివరికి ఇంకో దారిలో తగ్గింది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు మొదలైంది. బోడుప్పల్ నుంచి హబ్సిగూడ నేరు దారి, ఆర్డినరీ అయినా మెట్రో ఎక్స్‌ప్రెస్ అయినా ఆధార్ చూపిస్తే జీరో టికెట్. ఆమె స్కూలుకు బస్సులో వెళ్లడం మొదలుపెట్టారు. స్కూటీ ట్యూషన్‌కు, సరుకులకే మిగిలింది, నెలకు నాలుగైదు లీటర్లు. పొద్దున కాలు పెట్టే చోటు ఉండదని, నిలబడే వెళ్తున్నానని అంటారు, కానీ మానలేదు. మిగిలే తొమ్మిది వందల దాకా దాదాపు నేరుగా అమ్మాయి ఖాతాలోకి వెళ్తున్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో కూడా ఆడవాళ్లకు ఉచితం కాబట్టి విజయవాడ, విశాఖ వైపు వచ్చే కేసుల్లో ఇప్పుడు మొదట ఈ ప్రశ్నే అడుగుతున్నాను. ఇంట్లో ఆడవాళ్ల బండి ఎన్ని కిలోమీటర్లు బస్సు దారిలో తిరుగుతోంది?

ఇప్పుడు ఎక్కడున్నారు

చీటీ 2023 జనవరిలో ముగిసింది. కార్డు బాకీ మళ్లీ పేరుకోలేదు. ఇంటర్ మొదటి ఏడాది ఫీజుకు 21,200 సరిపోలేదు, మిగతాది రికరింగ్ డిపాజిట్లోంచి తీశారు, కొంత ఆమె అన్నయ్య సర్దారు. ఆయన శనివారాలు ఇంటి నుంచే.

పెట్రోలు 109.66 దగ్గర 2024 మార్చి మధ్య దాకా అలాగే ఉండిపోయింది. అప్పుడు లోక్‌సభ ఎన్నికల ముందు రెండు రూపాయలు తగ్గించారు, హైదరాబాద్‌లో 107 చిల్లర. రోజువారీ రేటు అన్నది 2017 జూన్‌లో వచ్చిన పద్ధతి, కాగితం మీద ఇప్పటికీ ఉంది. ఈ లోపు మిగతావి కదిలాయి. 2025 మేలో మెట్రో గరిష్ఠ టికెట్టు పెంచి, రాయితీ ఇచ్చి 69 దగ్గర ఆపారు. జూన్‌లో మెట్రో ఎక్స్‌ప్రెస్ పాసు 1,300 నుంచి 1,600 అయింది. దాంతో ఈయన లెక్కలో బైకుకు, మెట్రోకు మధ్య ఉన్న ఆ మూడొందల తేడా కూడా మెట్రో వైపు మిగల్లేదు. బండ్లు తగ్గాలంటూ ప్రజా రవాణా రేట్లు పెంచుతూ పోతే బోడుప్పల్ మనిషి బైకు దిగడు. ఇది నా అభిప్రాయం.

ఆయన బైకుకు ఇప్పుడు క్లచ్ పని పడింది, మార్చాలా వద్దా అన్నది ప్రస్తుత చర్చ. రోజుకు 60 కిలోమీటర్లు ఎలక్ట్రిక్ బండి మీద వెళ్లొచ్చు, రోడ్డు ట్యాక్సూ ఉండదు. 2024 నవంబరు నుంచి తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు ఆ మినహాయింపు ఉంది, 2026 డిసెంబరు దాకా. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో సొంత మీటరు మీద సాకెట్ పెట్టుకోవడానికి మాత్రం కమిటీ ఒప్పుకోవాలి. ఆ మీటింగ్ రెండుసార్లు వాయిదా పడింది. కమిటీ సరే అన్న రోజు బండి ధర, ఈఎంఐ, పెరిగే యూనిట్లు పట్టుకుని వస్తామన్నారు. అప్పటిదాకా క్లచ్ ప్లేట్లు వేయించుకోమన్నాను.